అనపకాయ వేసిన కుంచె

నేను ఒక కుంచెను. కుంచె అనగానే మీలో సగం మందికి సున్నం బకెట్టు గుర్తొస్తుందని నాకు తెలుసు. గోడలకు వెల్లవేసే ఆ కుంచెతో నాకు పేరు కలిసింది గాని చుట్టరికం లేదు. నేను బొమ్మలు వేసే కుంచెను, మూడో నంబరుదాన్ని. కొసన ఒక్క వెంట్రుక మందం మొన, అంత సన్నటి మొన ఉన్నవాళ్లకు ఉండాల్సినంత పొగరు. ఇప్పుడు మొనా లేదు, పొగరూ లేదు. అందుకే నింపాదిగా చెప్పగలుగుతున్నాను.

నన్ను ఉత్తరాదిన ఒక చిన్న ఊళ్లో, ఇంటి అరుగు మీద కూర్చుని ఒకావిడ కట్టింది. వెంట్రుకలను చిటికెడు తీసి, చిన్న గిన్నెలో తట్టి సమం చేసి, దారంతో బిగించి, రేకు గొట్టంలోకి దోపింది. ఆ వెంట్రుకలు ఏ జంతువు తోకవో నాకు తెలియదు. కట్టినావిడ చెప్పలేదు, కొన్నవాళ్లు అడగలేదు. బొమ్మ అందంగా ఉంటే తోక పోగొట్టుకున్నవాడి సంగతి ఎవరికి కావాలి!

విజయవాడ గవర్నరుపేటలో ఒక కాగితాల దుకాణంలో గాజు పెట్టెలో ఉండగా కోటయ్యాచారి వచ్చాడు. దయ్యాల నవలలకు అట్ట బొమ్మలు వేసేవాడు. నన్ను తీసుకుని, ఏ మర్యాదా లేకుండా నోట్లో పెట్టుకుని చప్పరించి, వెలుతురుకు ఎత్తి మొన చూశాడు. మా జాతికి అదే పెళ్లిచూపులు. నాలుగు నెలలు అతని దగ్గర దయ్యాలకు కనురెప్పలు దిద్దాను. ఎంత భయంకరమైన దయ్యానికైనా కనురెప్పలు మాత్రం వంపు తిరిగి, కాటుక పెట్టుకుని ఉండాలని ప్రచురణకర్తల పట్టుదల. ఐదో నెలలో జీవరత్నం అనే చిత్రకారుడు వచ్చి, "రేపిచ్చేస్తాను గురూగారూ" అని నన్ను జేబులో పెట్టుకుపోయాడు. పరహస్తం గతం గతః. ఆ రేపు ఇంతవరకు రాలేదు.

జీవరత్నం ఏ పత్రికలోనూ ఉద్యోగి కాడు. ఎవరు బొమ్మ వేయమంటే వాళ్లకు వేసేవాడు. పటమటలో రెండు గదుల ఇల్లు, కిటికీ పక్కన ఏటవాలు బల్ల, సందు చివర కిరాణా కొట్లో ఫోను. ఆ ఫోనులోనే పత్రికల నుంచి కబుర్లు వచ్చేవి. "సీరియల్లో ఈ వారం హీరోయిన్ ఏడుస్తోందయ్యా. వెనకాల కిటికీ. సాయంత్రానికి కావాలి." అంతే. ఎందుకు ఏడుస్తోందో చెప్పేవాళ్లు కారు, ఇతను అడిగేవాడు కాడు. జీవరత్నం బొమ్మల్లో హీరోయిన్లందరూ ఒకే కిటికీ పక్కన, ఒకే కారణం లేని ఏడుపు ఏడ్చారు. ఆ కన్నీటి చుక్కలన్నీ నావే.

అతనికి ఒకే దిగులు ఉండేది. బొమ్మను ఎవరూ చూడరని. "అక్షరాల మధ్య ఖాళీ నింపడానికి పిలుస్తారు మనల్ని" అని భార్య ఎస్తేరుతో అంటుండేవాడు. ఒకసారి ఉక్రోషం పట్టలేక, సీరియల్ బొమ్మలో హీరోయిన్ చేతికి కావాలనే ఆరు వేళ్లు వేశాడు. నాతోనే వేయించాడు. లక్షమంది చదివే పత్రిక అని చెప్పుకునేవాళ్లు. నాలుగు వారాలు ఎదురుచూశాడు, ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. అయిదో వారం మామూలుగా అయిదు వేళ్లు వేసి ఊరుకున్నాడు. ఆ రోజు అతను అన్నం సరిగా తినలేదు.

చూసేవాళ్లు లేకపోయినా, వేలు పెట్టేవాళ్లకు కొదవ లేదు. ఈ వృత్తిలో ముందుగా పెన్సిలుతో ముసాయిదా గీసి చూపించాలి. దాన్ని రఫ్ అంటారు. రఫ్ చూపిస్తే చాలు, అందరికీ చిత్రకళ వచ్చేస్తుంది. ఒక పచ్చళ్ల యజమాని సీసా మీద మామిడికాయ బొమ్మ వేయమని, రఫ్ చూశాక కాయ మధ్యలో తన మొహం ఇరికించమన్నాడు. ఇరికించాక, మీసం కాస్త పచ్చగా ఉందన్నాడు. మామిడికాయలో కూర్చున్నవాడికి మీసం పచ్చగా లేకపోతే ఎలా ఉంటుంది? ఆ రోజు నుంచి జీవరత్నం రఫ్ చూపించడం మానేశాడు. "నచ్చితే తీసుకోండి, లేకపోతే చింపేయండి" అనేవాడు. కొందరు చింపేశారు కూడా.

అలాంటి రోజుల్లో మదనపల్లె నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది మునస్వామి శెట్టి, విత్తనాల వ్యాపారి. పొట్లాల మీద వేయడానికి నలభై రకాల కాయగూరల బొమ్మలు కావాలన్నాడు. ఇవి బాగుంటే పైఏడు పూల విత్తనాలు, ఆ పైఏడు పండ్లు కూడా ఇస్తానన్నాడు. జీవరత్నం ఆ ఉత్తరాన్ని ఎస్తేరుకు రెండుసార్లు చదివి వినిపించాడు. "పొట్లం కొనేవాడు ముందు చూసేది బొమ్మనే కదా! చూసి కొనాల్సిందే. ఇది పోగొట్టుకుంటే నాకింక ఏడుపు హీరోయిన్లే గతి" అన్నాడు. అతనంత ఆశపడటం నేను ఎన్నడూ చూడలేదు.

రెండు నెలలు మా ఇంట్లో పండగే. ఎస్తేరు పొద్దున్నే రైతుబజారుకు వెళ్లి, ఆనాటి కాయను సంచిలో తెచ్చేది. అతను దాన్ని కిటికీ వెలుతుర్లో పెట్టి, తిప్పి చూసి, తడిమి, అప్పుడు నన్ను తడిపేవాడు. వంకాయ నిగనిగకు మూడు రోజులు పట్టింది. కాకరకాయ దగ్గర నా ఓపిక పరీక్షకు వచ్చింది. బొమ్మ అయిపోయిన కాయ పులుసులోకో వేపుడులోకో వెళ్లేది. చేమదుంపల వారం మాత్రం రోజూ అదే పులుసు తినలేక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

మునస్వామి పంపిన జాబితాలో పద్దెనిమిదోది సొరకాయ, ఇరవై మూడోది అనపకాయ. అక్కడ అతను ఆగాడు. కృష్ణా జిల్లా మనిషికి సొరకాయా ఆనపకాయా ఒకటే. ఒకే కాయను రెండుసార్లు ఎందుకు రాశాడా అని ఒక పూటంతా ఆలోచించాడు. సాయంత్రానికి తట్టింది. పొడుగుది సొరకాయ, గుండ్రంది ఆనపకాయ! శెట్టిగారు తొందరలో దీర్ఘం మింగేశాడు. ఎస్తేరుకు ఎందుకో నచ్చలేదు.

"ఏవండీ, సీమోళ్లు దేన్నేవంటారో మనకేం తెలుసు? ఒక కార్డు ముక్క రాసి అడిగితే పోలా?"

"అడిగితే పన్లో పని రఫ్ కూడా పంపమంటాడు. ఆ సంబడం నాకొద్దు. ఆనపకాయ తెలీదంటే నలుగురూ నవ్వుతారే."

ఆమె నిట్టూర్చి, గుండ్రటి కాయ కోసం మూడు బజార్లు తిరిగింది. ఆ కాయను వేసినంత ప్రేమగా అతను మరి దేన్నీ వేయలేదు. లేత కాయ మీద సన్నటి నూగు ఉంటుంది, వెలుగుకు అడ్డంగా పెడితే గాని కనిపించదు. దాన్ని పోగు పోగుగా నా మొనతో గీశాడు. నా జీవితంలో నేను చేసిన ఉత్తమమైన పని అదేనని నేనూ మురిసిపోయాను. తప్పు చేస్తున్నప్పుడు ఇంత హాయిగా ఉంటుందని ఎవరు మాత్రం చెబుతారు?

బొమ్మలు అచ్చయ్యాయి. అచ్చాఫీసువాళ్లు జాబితాలో ఉన్నది ఉన్నట్టు, గుండ్రటి కాయ కింద 'అనపకాయ' అని అక్షరాలు పేర్చారు. పొట్లాలు మదనపల్లె వెళ్లాయి. నాలుగు నెలల తరువాత మునస్వామి దగ్గర నుంచి కార్డు వచ్చింది. 'పైఏటికి ఫోటోలు తీయిస్తున్నాను. తమరికి శ్రమ వద్దు. అనపకాయకు సొరకాయ వేసినారు.' జీవరత్నం కార్డును వెనక్కి తిప్పి చూశాడు, అక్కడ ఏదైనా సర్దుబాటు మాట ఉంటుందేమోనని. లేదు. మర్నాడే బండెక్కాడు. నన్నూ నాలుగు రంగు గొట్టాలనూ సంచిలో వేసుకున్నాడు. ఎలాగైనా బతిమాలి పని నిలబెట్టుకోవాలని అతని ఉద్దేశం.

మేము మదనపల్లెలో శెట్టి అంగడి చేరేసరికి, సంత రోజు కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. మునస్వామి శెట్టి బక్కపలచటి మనిషి, మాట మెత్తన. ఏమీ అనకుండా పక్క బుట్టలోంచి గుప్పెడు కాయలు తీసి జీవరత్నం దోసిట్లో పోశాడు. వేలెడు పొడవు, ఉబ్బెత్తుగా, కొస కొంచెం వంకరగా ఉన్న చిక్కుడు జాతి కాయలు.

"ఇదప్పా అనపకాయ. దీని గింజలు నానబెట్టి పితికితే పితికిపప్పు. మా సీమలో దీన్ని తెలీని బిడ్డ ఉండడు. నువ్వేమో సొరకాయలు రెండు వేసి పెడితివి."

"అచ్చయి వచ్చినప్పుడే మీరు చూశారు గదండీ? అప్పుడే ఆపేయొచ్చుగా?" అన్నాడు జీవరత్నం, కాస్త రోషంగానే.

"చూసినా. వాన నెత్తిమింద ఉండాది. కింద పేరుండాది గదా, బొమ్మనెవురు చూస్తారులే అనుకుంటి."

జన్మంతా జీవరత్నం చెప్పుకు ఏడ్చిన మాటనే ఎదుటివాడు చల్లగా అనేశాడు.

అప్పుడే అంగడి ముందు గొడవ మొదలైంది. రెడ్డెమ్మ అనే నడివయసు మనిషి, కొత్తకోట దారిలో ఏదో పల్లె ఆమెది, చినిగిన పొట్లాన్ని గుమస్తా మొహం ముందు ఆడిస్తోంది. మూడోసారి రావడమట. రెండుసార్లూ ఈ గుమస్తా నవ్వి పంపేశాడట.

"పేరు రాసుండాది గదమ్మా, అనపకాయ అని. చదవను రాకుంటే మాదా తప్పు?" అన్నాడు గుమస్తా. సంతకొచ్చిన జనంలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"చదువొచ్చుంటే నాకీ బొమ్మెందుకురా? రాతలు మీకు, బొమ్మలు మాకు!" అంది రెడ్డెమ్మ. "నా పూరింటి కప్పు మింద పాకించాలని గుండు సొరకాయ కోసరం వస్తి. పొడుగుదైతే జారి పడతాది. గుంత తవ్వి ఎరువేసి పెట్టినా, వాన పడె. ఇంటికి పోయి చించితే అనపలు! మళ్లా సంతకు గాని బస్సు లేదు. ఆ తడి అంతా ఆరిపాయ. అది పోతే పోనీ. ఊరందరి ముందర నన్ను సదువు లేని మొద్దంటాడే, బొమ్మ అబద్ధం చెప్పిండేదానికి నేనెట్ల మొద్దవుతా?"

గుమస్తా మళ్లీ ఏదో అనబోయాడు. జీవరత్నం ముందుకు వెళ్లాడు. అతని చేతిలో ఇంకా అనపకాయలు ఉన్నాయి.

"ఆ బొమ్మ వేసింది నేనేనమ్మా. తప్పు నాదే."

రెడ్డెమ్మ అతన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది. తిడుతుందనుకున్నాను.

"నువ్వేనా! కాయను మాత్రం భలే వేసినావు సామీ. దాని మింద నూగు గూడా కనిపిస్తా ఉండాది. ఇంత బాగా వేసినోడు అబద్ధం వేస్తాడా అని, అందుకే నమ్మినా."

ఆమె మెచ్చుకుంటోందో నిలదీస్తోందో నాకు అర్థం కాలేదు. జీవరత్నానికి అర్థమైంది. ఇరవై ఏళ్లు అతను ఎదురుచూసిన మనిషి ఆమే. అతని బొమ్మను చూసింది, నూగు దాకా చూసింది, నమ్మింది, నమ్మినందుకు నలుగురిలో నవ్వులపాలైంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి ఆ నీళ్లకు కారణం ఉంది.

గుండు సొర విత్తనం మునస్వామి దగ్గర అసలు లేదు. పొడుగుది ఊరికే ఇస్తామంటే రెడ్డెమ్మ వద్దని వెళ్లిపోయింది. మిగిలిపోయిన ఖాళీ పొట్లాలు ఆరువందల పైచిలుకు అటక మీద ఉన్నాయి. వాటి మీద 'ఇది చిక్కుడు జాతి' అని ముద్ర కొట్టడానికి మునస్వామి అప్పటికే రబ్బరు స్టాంపు చేయించి పెట్టాడు.

"ముద్ర కూడా రాతే గదా శెట్టిగారూ. ఆవిడకెందుకు పనికొస్తుంది?" అన్నాడు జీవరత్నం. "అవన్నీ నాకివ్వండి. బొమ్మలు మార్చి వెళతాను. మీరు పని ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే."

"ఫోటోల మాట మారదప్పా."

"మారక్కర్లేదు."

అంగడి వెనక రేకుల వసారాలో విత్తనాలు ఏరే ఆడవాళ్లు పదిమంది చేటలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. వాళ్ల మధ్య అతనికి ఒక బల్ల వేశారు. అక్కడ, ఎన్నో ఏళ్ల తరువాత, జీవరత్నం రఫ్ గీశాడు. గీసి, ఏరుతున్నావిడ ముందు పెట్టి, "ఇదేమిటమ్మా?" అని అడిగాడు.

"చిక్కుడుకాయ."

చెరిపేశాడు. కాయను లావు చేసి, గింజల ఉబ్బు చూపించి ఇంకొకామెకు ఇచ్చాడు. ఆమె "బటాణి" అంది. అందరూ పకపకా నవ్వారు, అతను కూడా నవ్వాడు. ఒకామె అనపకాయను తెంచి అతని వేళ్లకు రాసింది. జిడ్డుగా, ఘాటుగా ఏదో వాసన.

"వాసన బొమ్మలో రాదమ్మా."

"వాసన రాకుంటే కొక్కెం వంపన్నా సరిగ్గా రానీ సామీ. కొస ఇట్ల వంగల్ల."

అయిదో రఫ్ చూపించినప్పుడు, మూలన కూర్చున్న ముసలామె చేట దించకుండానే "అనపకాయ" అంది. దాన్నే ఖాయం చేశాడు.

ఆ తరువాత ఎనిమిది రోజులు నాకు తీరిక లేదు. ముందు తెల్లరంగుతో సొరకాయను కప్పేయాలి. నేను పోగు పోగుగా గీసిన నూగును నాతోనే చెరిపించాడు. మొదటి పొట్లానికి నాకు గుండె కలుక్కుమన్న మాట నిజం. పదో పొట్లానికి అలవాటైపోయింది. తెలుపు ఆరాక దాని మీద మూడు కాయలు, ఒక ఆకు, ఊదారంగు పూల గుత్తి. పొట్లం కాగితం గరుకుది. నాలుగువందలు దాటేసరికి నా మొన రెండుగా చీలింది. నోట్లో పెట్టుకుని తడిపి కలిపాడు, మళ్లీ చీలింది. అయిదువందల తరువాత వెంట్రుకలు రాలి తెల్లరంగులో అతుక్కుపోయాయి. చివరి వంద పొట్లాలు నా పక్క భాగంతోనే వేశాడు. కొత్త కుంచె కొనుక్కోమని ఏరేవాళ్లు చెప్పినా ఈ పని దీంతోనే అవ్వాలన్నాడు. అది అభిమానమో మొండితనమో నాకు తెలియదు. రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఎనిమిదో రోజు చివరి పొట్లం ఆరబెట్టి, నన్ను కడిగి చూశాడు. కొసన కాసిని మొండి వెంట్రుకలు. ఇక బొమ్మకు పనికిరానని ఇద్దరికీ తెలిసిపోయింది. పొట్లాలు అంటించే జిగురు గిన్నెలో నన్ను నిలబెట్టి, రేకు గొట్టం మీద బొటనవేలితో ఒకసారి రాసి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. బెజవాడలో ఒక బడికి డ్రాయింగు మాస్టారుగా చేరాడని, తరువాత ఎప్పుడో అతనే రాసిన కార్డును మునస్వామి గుమస్తాకు చదివి వినిపించాడు.

పైఏడు ఫోటోలు వచ్చాయి, మునస్వామి అన్న మాట తప్పలేదు. ముప్పై తొమ్మిది రకాలకు మెరిసే పొట్లాలు. అనపకాయ ఫోటో మాత్రం పచ్చటి ముద్దలా వచ్చింది, ఏరే ఆడవాళ్లు ఎవరూ దాన్ని గుర్తుపట్టలేదు. శెట్టి గొణుక్కుంటూ జీవరత్నం వేసిన పొట్లం ఒకటి అచ్చాఫీసుకు పంపి, దాన్నే వేయించాడు. నేను ఆ పొట్లాలకు జిగురు పూసే ఉద్యోగంలో కుదురుకున్నాను. అంగడి బల్ల మీదే నా గిన్నె.

ఆ ఏడు రెడ్డెమ్మ వచ్చింది. ఇంట్లో అనప విత్తనానికి పురుగు పట్టిందట, చెనక్కాయ సాళ్ల మధ్య వేసుకోవడానికి కావాలంది. గుమస్తా పొట్లం ఇచ్చాడు. ఆమె బొమ్మ వంక కన్నెత్తి చూడలేదు. అక్కడే నిలబడి కొస చించి, గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి చూసి, అప్పుడు కొంగున కట్టుకుంది. పోనీలే, ఒకసారి మోసపోయిన మనిషి, అనుకున్నాను. మరుసటి ఏడూ వచ్చింది. అప్పుడు కూడా చించింది. జీవరత్నం ఇది చూడకపోవడమే మంచిదనుకున్నాను.

ఈ ఏడు మొదటి వాన పడిన వారం మళ్లీ వచ్చింది. బల్ల మీద పొట్లాలు వరసగా పేర్చి ఉన్నాయి. గుమస్తాను అడగనే లేదు. తనే వంగి, ఒక్కో బొమ్మా చూసుకుంటూ వచ్చి, మూడు కాయలూ ఊదా పూల గుత్తీ ఉన్న పొట్లం దగ్గర ఆగింది. దాన్ని ఎత్తి, కాయల కొస వంపు మీద గోటితో ఒకసారి గీసింది. రొంటిన దోపుకుని, బస్సు పోతుందంటూ గబగబా మెట్లు దిగింది.

చించలేదు. గుమస్తా ఎవరికో వంగనారు సంగతి చెబుతున్నాడు, మునస్వామి లోపల భోజనానికి కూర్చున్నాడు. చూసింది నేనొక్కదాన్నే. జీవరత్నానికి కబురు పెట్టాలని నా ప్రాణం కొట్టుకుంటోంది గాని, జిగురులో నిలబడ్డ మొండి కుంచె ఎవరికని చెబుతుంది? అందుకే మీకు చెబుతున్నాను. బెజవాడ వైపు ఎప్పుడైనా వెళితే, ఏదో బడిలో పిల్లలకు కాయగూరలు గీయడం నేర్పుతూ ఉంటాడు. ఆమె పొట్లం చించలేదని ఒక్క మాట అతనికి చెప్పండి.